పెళ్ళికార్డులో లేని పేరు

మా చెల్లెలి పెళ్ళికార్డులో మా అవ్వ పేరు లేదని, అది అచ్చుకు పోకముందే నేను చూశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "ఎమ్మిగనూరు పోయి వచ్చాము. బాగా ఎండ" అని మాత్రం ఉంది.

చెల్లెలంటే మా చిన్నాయన కూతురు. వాళ్ళది గోనెగండ్ల. అవ్వ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. మేము ఆదోనిలో ఉంటాం. నాన్న పత్తి మిల్లులో పని చేస్తాడు. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ పిల్లల ముందు తప్ప ఇంకెక్కడా నాకు గొంతు లేవదు. ఇంటికి ఎవరైనా వస్తే చెంబుతో నీళ్ళిచ్చి వంటింట్లోకి తప్పుకుంటాను. పుస్తకాలు చదువుతానని ఇంట్లో అందరికీ తెలుసు. చదివి ఏమనుకుంటానో ఎవరికీ తెలియదు. అదంతా రాసుకోవడానికి నాకు ఒక చోటు ఉండేది.

అది ఫోనులో ఉండే చోటు. పెద్ద కంపెనీలది కాదు. ఎక్కడో అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటర్ మీద, ఒక మనిషి తన తీరిక వేళల్లో నడిపే చిన్న సర్వర్. ఇట్లాంటివి లోకంలో చాలా ఉన్నాయి. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో చదువుకోవచ్చు, జవాబు రాయవచ్చు. కానీ అన్నిటికీ కలిపి ఒక యజమాని ఉండడు. ఏ చోటుకు ఆ చోటే, దాన్ని నడిపేవాళ్ళే దానికి దిక్కు. మా చోట్లో రాసేవాళ్ళంతా మా పక్క ఊర్లవాళ్ళు. మా మాటలోనే రాసుకునేవాళ్ళం. అసలు పేర్లు లేవు, ఫోటోలు లేవు. బంధువులు ఎవరూ లేరు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

దాన్ని నడిపే ఆమెను అందరూ అక్కా అనేవాళ్ళు. ఆమె బొమ్మ స్థానంలో నేతగాళ్ళ ఇంట్లో ఉండే నూలు కండె ఒకటి ఉండేది. ఎక్కడో పెళ్ళికార్డులు టైపు చేసే పనిలో ఉందని మాత్రం తెలుసు, ఎందుకంటే ముహూర్తాల కాలంలో మా సర్వర్ తరచుగా నిలిచిపోయేది. "అక్కా, ఇంకా ఎంతమందికి పెండ్లి చేస్తావు? మాకు ఈడ ఊపిరి ఆడకుండా ఉంది" అని ఒకరు రాసేవారు. "నీ కార్డు కూడా నేనే కొడతా, ఫస్టు పిల్లను సూసుకో పో" అని ఆమె జవాబిచ్చేది. అందరం నవ్వుకునేవాళ్ళం. సర్వర్ ఎందుకు పడిపోయిందో, దాన్ని లేపడానికి ఆమె ఏం చేసిందో ఎవరమూ అడగలేదు. ఎండాకాలం ఆదోని బజార్లో చలివేంద్రం పెడతారు. కుండ ఎవరు నింపినారని అడిగి నీళ్ళు తాగేవాళ్ళను నేను చూడలేదు.

నాకు మాత్రం ఆమె చేసే పని ఒకటి తెలుసు. నేను ఒక నవల గురించి రాసినప్పుడు వేరే సర్వర్ నుంచి ఒకడు వచ్చి కింద చెత్తమాటలు రాశాడు. "ఫోటో పెట్టు" అన్నాడు. ఆ తర్వాత అన్నది ఇక్కడ రాయలేను. ఫిర్యాదు మీట నొక్కాను. కాసేపటికి ఆ మాటలు లేవు. "తీసేసినా పాపా. భయపడొద్దు" అని అక్క నాకు విడిగా రాసింది. వాడు ఇంకో సర్వర్ నుంచి, ఇంకో పేరుతో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మీట నొక్కాను. మళ్ళీ తీసేసింది. అట్లా ఎన్నిసార్లో. ఆ మీట నొక్కితే అవతల ఒక మనిషి చేతిలో పని ఆపి లేవాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఒకసారి అక్క అందరికీ ఒక మాట రాసింది. "నాకు ఒంటిచేతి పని అయిపోతాంది. ఇద్దరు చేయి కలిపితే చాలు. ఏం చేయాల్నో నేను నేర్పిస్తా." మా చోట్లో ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా రాస్తే, చదివామన్నట్టు నక్షత్రం గుర్తు నొక్కుతాం. ఆ మాటకు వచ్చినన్ని నక్షత్రాలు అంతకు ముందు దేనికీ రాలేదు. అందులో నాదీ ఒకటి. వస్తానన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అన్ని నక్షత్రాలు చూసి, ఇంతమందిలో ఎవరో ఒకరు పోయే ఉంటారులే అని నేను అనుకున్నాను. మిగతావాళ్ళు కూడా అదే అనుకుని ఉంటారు.

చెల్లెలి పెళ్ళి కుదిరింది ఆ రోజుల్లోనే. కార్డులు ఎమ్మిగనూరులో కొట్టించాలనుకున్నారు. "నీకు తెలుగు బాగా వస్తాది గదా, తప్పులు సూద్దువు రా" అని చిన్నమ్మ నన్ను రమ్మంది. ఆదోని నుంచి బస్సులో పోతుండగా ఫోను తెరిస్తే, వాడు మళ్ళీ వచ్చి ఉన్నాడు. మీట నొక్కాను. సిగ్నల్ అందక అది పోకుండా తిరుగుతుంటే, ఫోను అట్లాగే సంచిలో వేసుకున్నాను.

డీటీపీ అంగడిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదాని మీద మా కార్డు. రెండోదాని మీద మా సర్వర్ పేజీ, పైన మూలలో ఆ నూలు కండె. అక్క అంటే ఈమేనన్నమాట. నేను చిన్నమ్మ వెనక్కి జరిగాను. టైపు చేస్తున్నామె నాకంటే ఓ పదేళ్ళు పెద్ద ఉంటుంది. మెడలో పసుపుతాడు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. చిన్నమ్మ పేర్లు చదువుతుంటే ఆమె కొడుతోంది. కీర్తిశేషులు అని కొట్టి మా తాత పేరు కొట్టింది. అప్పుడే పక్క కంప్యూటర్ మీద ఎర్ర గుర్తు వెలిగింది. కుర్చీ అటు తిప్పింది.

"ఏం మేడం, మా కార్డు సేస్తాండావా, నీ ముచ్చట్లు సూసుకుంటాండావా?" అంది చిన్నమ్మ.

"ఒక్క నిమిషం అక్కా. ఎవురో పాప భయపడి పెట్టింది."

"ఎవురో పాప భయపడితే నీకేమి? ఈడ నా బిడ్డ పెండ్లి ఐతాంది!"

ఆమె నవ్వి, నాలుగు అక్షరాలు ఏవో కొట్టింది. నా సంచిలో ఫోను టింగుమంది. ఆమె ఒకసారి ఇటు చూసింది. నేను గోడ మీద అంటించిన కార్డుల వైపు చూశాను.

తర్వాత కార్డు ఒక తెల్లకాగితం మీద తీసి నా చేతికిచ్చింది. "సూడమ్మా, నిదానంగా సూడు. ఈ పొద్దు రాత్రికే ప్రెస్సుకు పోతాది." చదివాను. తాత పేరు ఉంది. దాని పక్కన ఉండాల్సిన అవ్వ పేరు లేదు. కుర్చీ తిప్పినప్పుడు వదిలేసిన ఆ పేరును, తిరిగి వచ్చాక ఆమె మరిచిపోయి తర్వాతి వరుస నుంచి మొదలుపెట్టింది. చెబుదామని నోరు తెరిచాను. ఫోను మళ్ళీ టింగుమంది. ఈసారి ఆమె నా సంచి వైపే చూస్తోంది. నేనెవరో తెలిస్తే "నువ్వేనా పాపా" అంటుంది. పక్కనే చిన్నమ్మ ఉంది. సాయంత్రానికి నా రాతలు, వాడి మాటలు అన్నీ గోనెగండ్ల దాకా పోతాయి.

"అంతా సరిగ్గా ఉందక్కా" అన్నాను.

బయటికి వచ్చి చూసుకుంటే రెండు మాటలు ఉన్నాయి. "తీసేసినా పాపా." "వాడి సర్వర్ మొత్తం మన దాంట్లోకి రాకుండా ఆపేసినా, ఇంక రాడు. నువ్వు రాయడం ఆపొద్దు." బిల్లు మీద అంగడి ఫోను నంబరు ఉంది. ఇంటికి పోయాక చేసి చెప్పొచ్చు అనుకున్నాను. చేయలేదు.

కార్డులు వచ్చాయి. చిన్నాయన నాలుగు మూలలకు పసుపు రాసి మొదటి కార్డు దేవుని ముందు పెట్టి, రెండోది అందరికీ వినిపించేటట్టు చదివాడు. అవ్వ గోడకు ఆనుకొని వింటోంది. చదవడం అయ్యాక, "ఇంగోసారి సదువు నాయనా" అంది. చదివాడు.

"సచ్చిపోయిన మీ నాయన పేరుండాది. బతికుండే నా పేరు లేదు" అంది అవ్వ. "నన్నేమి, ఆయప్ప కంటే ముందే కాటికి పంపినారా? పోనీ, సచ్చినోళ్ళ పక్కన్నా రాయాల గదరా, ఆడా లేనే!"

అందరూ నవ్వబోయి ఆగిపోయారు. అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. పిన్నా పెద్దా ఎవరు బతిమాలినా "కార్డులో లేని మనిషికి కూడెందుకు" అంది.

ఆ తర్వాత జరిగింది, చిన్నమ్మ మా అమ్మకు ఫోనులో చెబుతుంటే విన్నాను. నేను పక్కనే కూర్చుని శనక్కాయలు వలుస్తున్నాను.

"ఊరకుంటానా నేను? పోయి ఓనర్నే అడిగినా. ఆయప్ప వచ్చి సూస్తే కంప్యూటర్లో ఏదో ముచ్చట్ల పేజీ తెరిసిపెట్టుకోనుంది. 'పని కావాల్నా, ఇది కావాల్నా తేల్చుకో. ఇంగోసారి కనపడితే ఇంటికి పో' అన్నాడు. కార్డులన్నీ మల్లా కొట్టిచ్చినాడు."

"మన పిల్ల గూడా సూసింది గదా?" అంది అమ్మ.

"అదేం సూసిందో! కార్డు సూసిందో, కంప్యూటరే సూసిందో!"

అమ్మ నవ్వింది. నేను శనక్కాయలు వలుస్తూనే ఉన్నాను.

కొన్ని రోజులకు అక్క రాసింది. జరిగింది ఏదీ రాయలేదు. "పని ఎక్కువైంది. నెలాఖరుకు మూసేస్తా. ఎవరి రాతలు వాళ్ళు ఫోనుల్లోకి దించుకోండి. వేరే సర్వర్‌కు పోవచ్చు. మిమ్మల్ని చదివేవాళ్ళు మీ వెంట వస్తారు, పాత రాతలు మాత్రం రావు. తప్పుగా అనుకోవద్దు." కింద జవాబులు వరుసగా వచ్చాయి. ముందే చెప్పాల్సిందన్నారు. ఇంత నమ్ముకుంటే ఇట్లా చేస్తారా అన్నారు. అందరికీ ఆమె "సారీ అన్నా", "సారీమ్మా" అని రాస్తూనే ఉంది.

కోసిగి అమ్మాయి ఒకామె మా చోట్లో రాసేది. అమ్మానాన్నలతో పాటు గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోయి ఉంది. అక్కడ సిగ్నల్ దొరకదు. పోయే ముందు ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ళకు ఇచ్చి, కోళ్ళను అప్పజెప్పి పోవడం గురించి ఎంతో బాగా రాసింది. ఆమె సుగ్గి కోతలు ముగించుకొని వచ్చి తెరిచేసరికి అవేవీ ఉండవు. ఉండవనే కబురు కూడా ఆమెకు అందదు. పేరు తెలియదు కాబట్టి ఎవరమూ చెప్పలేము.

ఆమె రాసింది మళ్ళీ చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. "అక్కా, మూయొద్దు. తాళం నాకివ్వు. పనంతా నేను చేస్తా, నేర్పించు" అని అక్కకు రాశాను. నా అంతట నేను ఆమెకు రాయడం అదే మొదటిసారి. వెంటనే జవాబు వచ్చింది.

"నిజంగానా పాపా? ఏ ఊరు నీది?"

"ఆదోని."

"అయ్యో, ఇంత దగ్గరా! నేనుండేది ఎమ్మిగనూరు. ఆదివారం రా. రాసి చెప్తే వచ్చే పని కాదు, పక్కన కూర్చోబెట్టి సూపిస్తా. బస్టాండులో ఉంటా, ఇంటికి పిల్చుకొని పోతా. నువ్వు వస్తే మూసేది లేదు."

ఆదివారం స్నేహితురాలి ఇంటికని చెప్పి బయలుదేరాను. కార్డు సంగతి కూడా ముందే చెప్పేయాలని, దారి పొడుగునా ఆ వాక్యాన్నే కూడబలుక్కున్నాను. "అక్కా, ఆ పేరు లేదని నేను చూశాను." అంతే. చిన్న వాక్యం.

బస్సు దిగేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో లాప్‌టాప్ సంచి. పక్కన నూనె మరకలు పడిన పొట్లం, బొరుగుల ఉగ్గాణి వాసన. నా కోసమే కట్టించుకొని వచ్చింది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. మొహంలో రంగు పోయింది.

"నువ్వు గోనెగండ్ల కార్డు పాప గదా? మల్లా ఏమన్నా తప్పు వచ్చిందామ్మా?"

"లేదక్కా" అన్నాను. "పెండ్లి బాగా జరిగింది."

ఆమె ఊపిరి వదిలి కూర్చుంది. "అవ్వ బాగుందా? తలుసుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గయితాది. నేనొక్కదాన్నే సూసింటే సరే అనుకోవచ్చు. నువ్వు గూడా అంత నిదానంగా సూస్తివి. ఇద్దరికీ కనపడలేదు సూడు."

నా వాక్యం నోటి దాకా వచ్చింది. ఆమె మొహం అప్పుడప్పుడే తేటపడుతోంది. నేనెవరో చెబితే, తాను ఎవరి కోసం కుర్చీ తిప్పిందో ఆమెకు తెలుస్తుంది. నేను చూసిందీ చెబితే, నా చేతికి తాళం ఎట్లా ఇస్తుంది? చెప్పకుండా తీసుకుంటే, ఆమె పక్కన నేను ఎట్లా కూర్చోవాలి? సంచి పట్టుకొని నిలబడే ఉన్నాను. ఇది రాస్తున్న ఇవాళ ఆ చోటు తెరిస్తే ఖాళీ పేజీ వస్తుంది.

అక్క నా వెనక, బస్సు దిగుతున్నవాళ్ళ వైపు మెడ చాచి చూసింది.

"ఆదోని బస్సులోనే వచ్చినావా? ఒక పాప రావాల్నమ్మా ఆడి నుంచి. నాకు మొగం తెలీదు. బస్సులో నీకెవురన్నా కనపడినారా?"