చీనావాని హోటల్లో నా భోజనాలు

మా ఇంటి మగవాళ్లు హోటల్లో తినరు. వ్యాజ్యాల పనిమీద కడపకు పోయినా సద్దిమూట వెంట ఉండేది. కచేరీ ఆవరణలో ఏదో ఒక గోడ నీడ చూసుకుని, జనానికి వీపు పెట్టి కూర్చుని తినేవాళ్లం. వ్యాజ్యాలన్నీ ఓడిపోయి, చేలన్నీ పరులపాలైన తర్వాత కూడా ఆ పద్ధతి మారలేదు. అది ఒక్కటే మా చేతిలో మిగిలింది గనుక నేనూ దాన్ని గట్టిగానే పట్టుకున్నాను. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ని, కడప రైలుస్టేషను వెనక చీనావాని హోటల్లో పదిమంది చూస్తుండగా ఒక చలికాలమంతా తిన్నాను. ఒక్క పూట కూడా తిండి బాగుండలేదు.

బర్మా జపానువాళ్ల చేతికి పోయిన ఏడాది అది. రంగూనులో గొడుగుల అంగడి పెట్టుకున్న కడప సాయిబు ఒకాయన అంతకుముందే ఓడెక్కి ఇల్లు చేరాడు. ఆయన్ను వెతుక్కుంటూ ఒక చీనావాడు వచ్చాడు. రంగూనులో ఇద్దరికీ స్నేహం. ఓడలో చోటు దొరక్క చీనావాడు కొండదారిన నడిచి దేశంలోకి వచ్చాడట. సాయిబు తన ఇంటి ముందరి కొట్టు ఇచ్చి హోటలు పెట్టించాడు.

మా అన్న కూడా రంగూనులోనే ఉండేవాడు. బియ్యం మిల్లులో మేనేజరు పని అని ఊళ్లో చెప్పాం. ఆయన మోసింది బస్తాలు. ఇక్కడ మోస్తే చూసే కళ్లు ఉంటాయి, అక్కడ ఉండవు. అందుకే అంత దూరం పోయాడు. అది తప్పని నేను ఇప్పటికీ అనను. రంగూను మీద బాంబులు పడినప్పటి నుంచి ఆయన దగ్గరి నుంచి జాబు లేదు. పెద్దకొడుకు ఉన్నాడా, లేడా? మా అమ్మకు కావలసింది ఆ ఒక్క మాట.

ఒకరోజు బజారులో సాయిబు నన్ను ఆపాడు.

"ఏమప్పా, ఈ చీనా ఆయప్ప కూడు వండింది మీయన్న మిల్లు గేటు ముందరేనంట. ఆయన్ను ఎరిగుంటాడు. పోయి అడుగు."

"మీరే అడగకూడదా?"

"నీ ఇంటి మాట నేను అడిగితే ఏం బాగుంటాదప్పా? ఆయప్ప ఈడనే ఉండాడు గదా."

పోయాను. కొట్టు నిండా జనం ఉన్నారు. కచేరీ గుమాస్తాలు, రైల్వేవాళ్లు, వాళ్లల్లో మా తట్టువాళ్లు కూడా. చీనావాడు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి నన్ను చూశాడు. మా అన్నదీ నాదీ ఒకటే ముఖం. ఆయన చేతిలోని గరిటె ఆగిపోయింది. గుర్తుపట్టాడని నాకు అర్థమైంది. కానీ అంతమందిలో, మిల్లులో బస్తాలు మోసిన మా అన్న ఏమయ్యాడని ఎలా అడగను? కూర్చుని తింటుంటే తానే వచ్చి చెబుతాడనుకున్నాను.

పళ్లెంలో పిండితో లాగిన పొడుగాటి తాళ్లు తెచ్చి పెట్టాడు. వాటిమీద ఎర్రటి నీళ్లు. ఆయన దేశంలో ఏ దినుసులు వేసి వండేవాడో గాని, ఇక్కడ దొరికింది చింతపండు, బెల్లం, మా ఎండుమిరపకాయలు. మొదట్లో చప్పగా ఉందని జనం ఎగతాళి చేశారట. అప్పటి నుంచి కాయలు గింజలతోసహా నూరి పోసేవాడు. కారం తిని పెరిగిన నోరు నాది. ఊరిబిండి పచ్చడి నంజుకోకుండా సంగటి దిగదు మాకు. కానీ మా కారానికి వెనక చెనిక్కాయో, వెల్లుల్లో, ఒక రుచి ఉంటుంది. దీని వెనక ఏమీ లేదు. ఉత్త మంట. తాళ్లు లోపల పచ్చిపిండిగా ఉండి పంటికి అంటుకునేవి.

పక్కబల్ల దగ్గర ఒక గుమాస్తా తాడు ఒకటి పైకెత్తి, "ఏమప్పా, దీని కొస యాడుండాది?" అన్నాడు.

"కొస దొరికితే ఇడవాకు. పట్టుకుని చీనాదేశం దాకా పోవచ్చు," అన్నాడు వాని స్నేహితుడు.

"పెద్దింటాయన కూడా వచ్చినాడే! ఏం సామీ, మీ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదా?" అని గుమాస్తా నావైపు తిరిగాడు.

నేను పళ్లెం ఖాళీ చేశాను. చెయ్యి కడుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాను.

తర్వాత వారం మళ్లీ పోయాను. ఆ తర్వాతా పోయాను. కోడి వేసిన నీళ్లపులుసు తిన్నాను, తునకలు గట్టిపడి చెప్పుతోలులా ఉండేవి. గుడ్లు తిన్నాను, మాడు వాసన. వెళ్లినప్పుడల్లా చీనావాడు పొయ్యి వదిలి నా ముందుకొచ్చి నిలబడేవాడు. నోరు తెరవబోయి, నా పళ్లెం వంక చూసి, ఇంకో గరిటె వడ్డించి పోయేవాడు. రంగూనులో మన్యం తట్టు కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది. "తినండి బాబూ, తినండి," అనేవాడు. జనం నవ్వేవాళ్లు. నేను తినేవాణ్ని. పక్షం రోజులకోసారైనా కడుపు పట్టుకుని పడుకునేవాణ్ని.

అమ్మకు విషయం చెప్పక తప్పలేదు.

"ఆయప్పను ఇంటికి పిల్చుకరా నాయనా. ఏమీ అడగాకు. కూడు పెడతాం. తింటే నా బిడ్డ ఉండాడు. తినకపోతే..." అని ఆపేసింది.

మా ఇళ్లల్లో చావు కబురు తెచ్చినవాడు గడప దాటడు. కాళ్లు కడుక్కోడు, మంచినీళ్లు ముట్టడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడతాడు. ఆ నిలబడడం చూస్తేనే లోపల ఏడుపు మొదలవుతుంది. నోటితో చెప్పడం ఆ తర్వాతి సంగతి. ఎదుటివాని నోట చావు మాట ఉంటే మా ఇంటి మెతుకు వాని గొంతులోకి దిగదని మా నమ్మకం. కొన్ని తరాలుగా చూసిన సంగతే గనుక నాకూ అనుమానం కలగలేదు.

పిలిస్తే చీనావాడు వెంటనే ఒప్పుకున్నాడు. జమ్మలమడుగు బస్సు దిగి ఇద్దరం ఊళ్లోకి నడిచాం. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నేను ఆయన కాళ్లవైపే చూస్తున్నాను. వాకిట్లో ఆగాడు. చెంబు అందుకుని శుభ్రంగా కాళ్లు కడుక్కుని, వంగి గడప దాటి లోపలికి వచ్చాడు.

తిన్నాడు. సంగటి, కోడికూర, ఊరిబిండి. ముద్ద మింగినప్పుడల్లా తల ఊపాడు. వేళ్లు నాకాడు. పెట్టినకొద్దీ పెట్టించుకున్నాడు. తలుపు వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది.

"ఇంకా పెట్టు నాయనా. కడుపునిండా పెట్టు ఆయప్పకు."

ఆ గొంతు అలా పలకడం నేను చాలా ఏళ్లుగా వినలేదు. ఆయన చెయ్యి కడుక్కునేలోగా ఆమె వీధిలోకి పోయి, నా పెద్దబిడ్డ బతికుండాడని ఇరుగుపొరుగుకు చెప్పేసింది.

బస్సు కోసం రోడ్డుకు పోతుంటే, ఊరు దాటినాక చీనావాడు ఆగాడు. టోపీ తీశాడు.

"బాబూ, ఇప్పుడు సెప్తాను. తినడం అయిపోనాది కదా. మీ అన్న కొండదార్లో పోనాడు. వాంతులు, బేదులు. నా పక్కనే పోనాడు. నానే మట్టి కప్పినాను. నక్కలు రాకుండా రాళ్లెట్టినాను."

రోడ్డు మీద ఎవరూ లేరు. నేను నిటారుగానే నిలబడ్డాను.

"ఇన్నాళ్లు హోటల్లో ఎందుకు చెప్పలేదు?"

"తింతన్న మనిసికి సావు మాట సెప్పకూడదు బాబూ. మా కాడ అంతే. తిన్నాక సెబుదారంటే మీరు సెయ్యి కడిగేసి ఎల్లిపోయీవోరు. మల్లీ వొచ్చి తినీవోరు."

"మా ఇంట్లో ఎట్లా తిన్నావు?"

"ముసిలమ్మ అంత ఆసగా ఎట్టింది. వొద్దంటే ఏడుస్తాది కదా," అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

బస్సు వచ్చింది, ఎక్కించాను. ఇంటికి తిరిగొచ్చి అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె పళ్లెం కడుగుతూ ఉంది. చెయ్యి ఆపలేదు.

"తినిపోయినాడు గదరా."

"ఆయప్పకు మన పద్ధతి తెలీదమ్మా."

"పద్ధతి తెలీకపోతే పోనీ. అట్లాంటి మాట కడుపులో పెట్టుకుని కూడు దిగుతాదా, మనిషి పుట్టుక పుట్టినోనికి? బస్సుకాడ ఏం చెప్పినాడో, నువ్వేం విన్నావో. దోవన పోతాపోతా చెప్పేదా అది?"

నా మాట ఆమెకు చాలదు. కబురు తెచ్చినవాడు వాకిట్లో నిలబడి చెప్పాలి. సరే, ఆయన్నే మళ్లీ పిలుచుకొద్దామనుకున్నాను. ఈసారి కాళ్లు కడుక్కోవద్దని, నీళ్లిచ్చినా ముట్టవద్దని, టోపీ చంకలో పెట్టుకుని గడప బయటే నిలబడమని దారిలో నేర్పించాలనుకున్నాను. మరునాడే కడపకు పోయాను. ఆ రోజే నేను మొదటిసారి ఆకలి లేకుండా, తినాలన్న ఆలోచన లేకుండా, అడగడానికి మాత్రమే ఆ కొట్టుకు పోవడం.

కొట్టు మూసి ఉంది. సాయిబు బయట అరుగుమీద కూర్చుని ఉన్నాడు.

"పోయినాడప్పా. కలకత్తాలో వాళ్లోళ్లు ఉండారని పొద్దున మెయిలు ఎక్కినాడు. ఎన్నాళ్లని ఉంటాడు? శానా కారమని జనం రావడం మానుకుండిరి. నువ్వొక్కనివే ఇడవకుండా తింటాంటివి. నీకు బాగా నచ్చిందనుకున్నాడు పాపం. నువ్వొచ్చిన దినం నీకోసమని ఇంకో పిడికెడు మిరపకాయలు ఎక్కువ నూరేవాడు."

తలుపు సందులోంచి లోపలికి చూశాను. రోలు ఇంకా ఎర్రగానే ఉంది.

కలకత్తాకు ఎక్కడికని రాయాలో సాయిబుకూ తెలియదు. అన్నకు కర్మ చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. బతికున్న బిడ్డకు పిండం పెడతావా అంది. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆమె చీనావాని సంగతి చెప్పేది. ఎంత ఇష్టంగా తిన్నాడో, ఊరిబిండి ఎన్నిసార్లు అడిగి వేయించుకున్నాడో.

దొరలు పోతారని ఊరంతా చెప్పుకుంటున్న ఎండాకాలంలో ఆమె పోయింది. కొరివి పెట్టవలసింది పెద్దకొడుకు. కుండ నా భుజానికి ఎత్తబోతూ ఊరిపెద్ద ఒకాయన ఆగి, "మీయన్నకు కబురు పెట్టినారా?" అని అడిగాడు.

"పెట్టినాం," అన్నాను.