మధ్య గది నీళ్లలో ఉప్పు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను పుణె నుంచి సోలాపూర్‌కు సర్వీస్ సూపర్‌వైజర్‌గా పంపారు. ఇళ్లలో, హోటళ్లలో అక్వేరియంలు అమర్చి వాటి బాగోగులు చూసే కంపెనీ మాది. గాజు తుడవడం, ఫిల్టర్లు కడగడం టెక్నీషియన్ల పని. నీటి పరీక్షలు, ఫిర్యాదులు సూపర్‌వైజర్ బాధ్యత. ఊళ్లో ఉప్పునీటి ట్యాంకులు తక్కువ. వాటిలో ఒకటి భవాని పేట్‌లో, టవల్ మగ్గాలు నడిపే ఒక తెలుగు కుటుంబంలో ఉండేది.

ఆ ఇంటి అన్నదమ్ములు అంబాదాస్, వెంకటేశ్ మగ్గాలు పంచుకుని, వంటలు వేరుచేసుకుని, మాటలు కూడా మానేశారు. మధ్య గది మాత్రం తల్లి బాలవ్వది. తండ్రి పోయే ముందు ముచ్చటపడి పెట్టించుకున్న ట్యాంకు అందులోనే ఉండేది. నారింజ రంగు జోకరు చేపల జంట, అవి ఒదిగి ఉండే అనిమోన్ దానిలోని ప్రాణులు. అనిమోన్ అంటే రాతిని పట్టుకుని పువ్వులా విచ్చుకునే సముద్ర జీవి. అన్న ఉదయం, తమ్ముడు సాయంత్రం వచ్చి నీళ్లు చూసుకునేవారు. ఒకరు గదిలో ఉంటే ఇంకొకరు గుమ్మం దాటేవారు కారు.

అనిమోన్ ముడుచుకుపోయిందని ఫిర్యాదు వస్తే వెళ్లాను. ఉప్పు మోతాదు చూపే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక నీటి చుక్క వేసి, వెలుతురుకు ఎత్తి చూశాను. సముద్రంలో వెయ్యి పాళ్లకు సుమారు ముప్పై అయిదు ఉండే ఉప్పు ఇక్కడ నలభై దాటింది. సోలాపూర్ ఎండకు నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు అలాగే ఉండిపోతుంది. కనుక తగ్గిన మేరకు ఉప్పులేని ఆర్‌వో నీళ్లే పోయాలి. అంబాదాస్ అలాగే చేస్తున్నాడు.

"చిన్నోడు మీఠ్ కలిపి పోస్తడు బిడ్డా. సముద్రపు చేపలాయె," అంది బాలవ్వ, ఉప్పును మరాఠీ మాటతో చెబుతూ.

ఆ వేళ వెంకటేశ్ నూలు కోసం బయటికి వెళ్లి ఉన్నాడు. ఉప్పు ఒక్కసారిగా తగ్గితే అనిమోన్ తట్టుకోలేదు. అందుకే నేను మళ్లీ వచ్చేదాకా రోజూ ఒక చిన్న బకెట్ నీళ్లు తీసి, అంతే మేర ఆర్‌వో నీళ్లు పోయమని, అదీ ఒక్కరే చేయాలని అంబాదాస్‌కు చెప్పాను. తమ్ముడు చెయ్యి పెట్టకుండా ఆయనే చెప్పాలన్నాను.

"ఆనితోని నాకు మాటల్లేవు మేడం. అవ్వ చెప్తది."

ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో బాలవ్వ వినికిడి మందగించింది. గట్టిగా మళ్లీ చెప్పాను. తలూపింది.

తర్వాత వెళ్లేసరికి గుమ్మంలోనే కుళ్లు వాసన తగిలింది. అనిమోన్ చచ్చి కరిగిపోయింది. దానితో నీరు చెడిపోయి చేపలు రెండూ తేలిపోయాయి. ఉప్పు సముద్రం కన్నా బాగా కిందికి పడిపోయింది. రోజుకు ఒక బకెట్‌తో అంత తగ్గదు.

"నేను రోజు ఒక్కటే బకెట్ తీసిన," అన్నాడు అంబాదాస్.

గుమ్మం అవతల నిలబడ్డ వెంకటేశ్ గొంతు తగ్గించి, "నేను గూడ ఒక్కటే తీసి ఆర్‌వో నీళ్లు పోసిన. అవ్వ తియ్యుమన్నది," అన్నాడు.

అన్న గిరుక్కున తిరిగాడు. "ఒక్క మాట నన్ను అడగకపోతివేందిరా?"

"నువ్వు చెప్పినవా అన్నా?"

బాలవ్వ వాళ్ల ముఖాలు చూసి సంగతి గ్రహించింది. "నాకు సగమే ఇనవడ్డది. మళ్ల అడుగుదామంటె సిగ్గయింది బిడ్డా," అని ట్యాంకు పక్కన కూలబడింది. ఆమెను లేపడానికి కొడుకులిద్దరూ వంగారు. ఇక మాట్లాడుకుంటారనుకున్నాను. మాట్లాడుకోలేదు. కొన్నాళ్లకు ఖాళీ ట్యాంకు తీసుకెళ్లడానికి పోతే, మధ్య గదికి అడ్డంగా గోడ లేస్తోంది. బాలవ్వ మంచం అన్న వైపు పడింది.

ఆ జంట చేపలు ఇంకా చాలా ఏళ్లు బతకవలసినవి. నీటిలో ఉప్పు నిలకడగా ఉండాలంటే ట్యాంకు ఒక్కరి చేతిలో ఉండాలి, లేదా చూసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవాలి. రిటైరయ్యేదాకా ఎవరు ఉప్పునీటి ట్యాంకు అడిగినా, ఇంట్లో నీళ్లు ఎవరెవరు పోస్తారో ముందు విచారించేదాన్ని. వాళ్ల మధ్య మాటలు లేవని తెలిస్తే మంచినీటి చేపలు పెంచుకోమని చెప్పి వచ్చేసేదాన్ని.