గుండ్రాయి

ఆ బస్సు డ్రైవరుని డిపోలో అందరూ గుండ్రాయి అంటారు. తుమ్ము తప్ప వేరే రోగం ఎరగడు. బండెక్కే ముందు టైర్లన్నిటినీ అరచేత్తో తట్టి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుంటాడు. తమ్ముడు నిద్రలోనే పోయాక, "ఇది వంశంలో ఉండొచ్చు, బాగున్నా సరే మీరూ ఈసీజీ తీయించుకోండి" అన్నారు ఆసుపత్రివాళ్ళు. రోజూ ఆ ఆసుపత్రి ముందునుంచే బస్సు నడుపుతూ, అటువైపు మాత్రం చూసేవాడు కాదు. "ఏం బావా, నీ గుండెకి కూడా టిక్కెట్టు కొట్టాలా?" అని కండక్టరు ఎగతాళి చేస్తే నవ్వేసేవాడు. చివరికి భార్య పోరు పడలేక వెళ్ళాడు. బల్లమీద పడుకున్నా కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే బిగుసుకుంది. "కాలు వదులు చెయ్యండి అంకుల్," అంది ఈసీజీ తీసే అమ్మాయి.

డాక్టరమ్మ కాగితాన్ని చాలాసేపు చూసింది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్ళీ సర్దుకోవడానికి ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు పడుతోందనీ, మందులు మొదలుపెట్టాలనీ, ప్రస్తుతానికి బస్సు నడపొద్దనీ చెప్పింది. అన్నిటికీ తలూపాడు.

"పిల్లలున్నారా?"

"లేరు," అన్నాడు ఠక్కున.

లేచి తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

"ఒక్క కూతురుందమ్మా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. పడుకుంటే పిడుగు పడ్డా లేవదు. అంతా వాళ్ళ చిన్నాన్న పోలికే అంటాం."