గోడ పక్కన ఆరని చెక్క: వెర్మాంట్ కొండమీద మూడు రోజులు

బూడిద రంగుకి తిరిగిన చెక్కని చచ్చిపోయిన చెక్క అనే వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. లైబ్రరీ గుమ్మంలో ఉచితంగా పెట్టే కరపత్రాలు ఏరుకొచ్చి చదవడం నా అలవాటు. అడవుల గురించి, చెత్త గురించి, చెక్క సంరక్షణ గురించి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఎండకి రంగు పోయేది పైపొర మాత్రమేననీ, కడిగి నూనె పట్టిస్తే లోపలి చెక్క ఏళ్ళ తరబడి నిలుస్తుందనీ వాటిలోనే చదివాను. అందుకే 2013 ఆగస్టు చివర్లో సుగుణ ఆంటీ వెర్మాంట్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఆగలేకపోయాను. "కాంట్రాక్టర్ వచ్చి చూశాడు నాన్నా. డెక్ మొత్తం పీకేసి ప్లాస్టిక్ పలకలు వెయ్యాలట, అదీ వచ్చే ఏడాదేనట. ఈ డెక్ మీద నమ్మకం లేకపోతే చలికాలం అనిత దగ్గరికి నేపర్‌విల్ వెళ్ళిపోవాలి" అన్నారు. ఆంటీ న్యూజెర్సీలో పాథాలజిస్ట్‌గా పనిచేసి రిటైరైన డాక్టర్. అనిత ఆవిడ కూతురు. ఆ డెక్‌ని అంకుల్ తన చేతుల్తో కట్టుకున్నారు, ఇంటి గోడకి ఆనించి ఎత్తుగా వేసిన చెక్క పలకల వసారా అది. ఆ ఏడు వసంతంలోనే ఆయన పోయారు. ఆయన లేకుండా ఆ ఇంట్లో ఆవిడ గడపాలనుకుంటున్న మొదటి చలికాలం అది. ఇల్లు కొండవాలు మీద ఉంటుంది, కింది తలుపుని మంచు కప్పేస్తుంది, రాకపోకలన్నీ డెక్ మీదుగానే. డెక్ నిలిస్తే ఆవిడ తన ఇంట్లో ఉంటారు. లేకపోతే లేదు.

లేబర్ డే లాంగ్ వీకెండ్ శనివారం తెల్లవారుతుండగా పార్సిప్పనీలో నా రూమ్మేట్ నరేష్ కార్లో బయల్దేరాం. 287 పట్టుకుని 87 మీదికి ఎక్కి, ఆల్బనీ దాటాక రూట్ 7 మీద బెన్నింగ్టన్ వైపు తిరిగితే అక్కడినుంచి కొండలే. ఆగుతూ వెళ్తే ఐదున్నర గంటలు. పోనూ రానూ గ్యాస్‌కి, టోల్స్‌కి కలిపి ఎనభై డాలర్లు పెట్టుకోండి. దారిలో చిన్న ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో చెక్క కడిగే పొడి, మెత్తటి బ్రష్షులు, చెక్కలోకి ఇంకే నూనె రంగు రెండు గ్యాలన్లు కొన్నాం. ఒత్తిడితో నీళ్ళు చిమ్మే ప్రెషర్ వాషర్ అద్దెకి కావాలా అని షాపాయన అడిగాడు. వద్దన్నాను, ఆ డెక్ సీడర్ చెక్క, మెత్తన, నీటి ధాటికి పీచులేస్తుంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే గార్డెన్ హోస్ చాలు. కడిగాక ఒక పూర్తి రోజు ఆరనివ్వు. రాత్రి చలి యాభై ఫారెన్‌హీట్ కిందికి పోతే నూనె ముట్టుకోకు" అన్నాడు.

ఆంటీ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. "ముందు తింటారా, ముందు పోట్లాడతారా? అనిత లైన్లో ఉంది" అన్నారు. నేను రెండోదే ఎంచుకున్నాను. బాగున్న చెక్కని పారేయడం ఎంత పాపమో, ఒక మనిషిని తన ఇంట్లోంచి లేపడం అంతకంటే ఎంత పాపమో అనిత అక్కకి ఫోన్లోనే ఉపన్యాసం ఇచ్చాను. ఆమె అంతా విని నెమ్మదిగా అడిగింది. "ఓకే. జనవరిలో ఫోర్ ఫీట్ స్నో పడుతుంది. అమ్మ ఒక్కతే ఉంటుంది. డెక్ పడదు అని నువ్వు సైన్ చేస్తావా?"

"చేస్తానక్కా."

"వీడు హెచ్1 వీసా కాగితాల మీద సంతకానికి మూడు వారాలు ఆలోచించిండు ఆంటీ" అన్నాడు నరేష్, నేను ఫోన్ పెట్టేశాక.

ఆ మధ్యాహ్నం పొడి కలిపిన నీళ్ళు చల్లి, నానబెట్టి, చెక్క గీత వెంటే బ్రష్ కొట్టి కడిగాం. నల్లటి మురికి కారిపోయి, సాయంత్రానికి బూడిద కింద నుంచి ఎర్రటి సీడర్ బయటపడింది. ఆంటీ చెప్పులు విడిచి దాని మీద నడిచారు. "ఆయన కట్టినప్పుడు ఈ రంగే" అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

ఆదివారం పని లేదు, ఆరాలి అంతే. ఎండ కాసింది, లోయలోంచి గాలి వీచింది. మధ్యాహ్నానికి డెక్ అంతా లేత రంగుకి వచ్చింది. ఇంటి గోడ వెంట ఉన్న రెండు పలకలు మాత్రం అప్పుడే కడిగినట్టు నల్లగా ఉన్నాయి. నాలుగింటి దాకా చూశాను, అవి ఆరలేదు. ఒక పలక స్క్రూలు విప్పి లేపాను. కింద, డెక్ బరువుని గోడకి పట్టి ఉంచే పొడవాటి దూలం కనిపించింది. స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే ఉడికిన కందగడ్డలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది.

"అరే, మెల్లగరా" అన్నాడు నరేష్.

ఆంటీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, "ఇలా ఇవ్వు" అని స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. జానెడుకోసారి గుచ్చుకుంటూ ఆ చివరి దాకా వెళ్ళారు. తొందర లేదు, మొహంలో ఏమీ లేదు. తిరిగొచ్చి, "తలుపు నుంచి కిటికీ దాకా పోయింది. మిగతాది గట్టిగా ఉంది. నీ పలకలు నిక్షేపంలా ఉన్నాయి. కాంట్రాక్టర్ చెప్పింది తప్పు. అనిత భయం తప్పు కాదు" అన్నారు.

"కింద గుంజలు నిలబెడితే చాలేమో ఆంటీ!"

"మంచు బరువుకి చాలుతుందని ఎక్కడ చదివావు?"

ఎక్కడా చదవలేదు. నా కరపత్రాలన్నీ పైకి కనిపించే చెక్క గురించే చెప్పాయి.

అక్కడే ఎందుకు కుళ్ళిందో ఆవిడకి తెలుసు. "మీ అంకుల్ మంచు ఎత్తి ఈ గోడ పక్కనే పోసేవాడు. రెయిలింగ్ అవతలికి తోస్తే కింద టామ్ వాళ్ళ దారిలో పడుతుందని. మన వాకిలి ఊడ్చి పక్కవాళ్ళ గుమ్మంలో పోస్తామా అనేవాడు. మార్చి దాకా ఆ గుట్ట ఇక్కడే కరుగుతూ ఉండేది."

సాయంత్రం టామ్ మొక్కజొన్న పొత్తులతో వచ్చాడు, కొండ కింద ఉండే పొరుగాయన. ఆంటీ సంగతంతా చెప్పారు. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని రెయిలింగ్ మీంచి తన దారిని చాలాసేపు చూశాడు. "నాకు ప్లౌ ఉన్న ట్రాక్టర్ ఉంది. ఎంత మంచు పడినా తోసేసేవాణ్ణి. ఒక్కమాట అడగాల్సింది కదా" అన్నాడు. ఆంటీ మావైపు తిరిగి తెలుగులో, "అడిగే మనిషి కాదు" అన్నారు.

టామ్ తన కొట్టంలోంచి దుంగలు తెచ్చి కింద నిలబెట్టాడు. ఇవి మీరు పని చేసుకోవడానికి చాలు, మంచు తుఫానుకి చాలవు అన్నాడు. దూలం మార్చే వడ్రంగులు వసంతం దాకా దొరకరు. ఆంటీ స్పీకర్ ఆన్ చేసి కూతురికి ఫోన్ చేశారు. "నేను బాగానే ఉన్నాను. దూలం బాలేదు. మంచు పడేలోపు నీ దగ్గరికి వస్తాను. ఏప్రిల్‌లో వెనక్కి పోతాను, అది ఇప్పుడే రాసుకో."

అనిత అక్క వెంటనే అడిగింది. "ఆ అబ్బాయి సైన్ చేస్తాను అన్నాడు కదా?"

ఫోన్ నేను తీసుకున్నాను. "చెయ్యనక్కా. మీరు అడిగింది సరైన ప్రశ్న."

సోమవారం పొద్దున నరేష్ డబ్బా మూత తీయకుండానే అడిగాడు. "ఆంటీ, మీరే ఉండనప్పుడు ఇగ గీ నూనె ఎవరికి?"

"మార్చేది దూలం బాబూ, పలకలు కాదు. కడిగి ఒట్టిగా వదిలేస్తే ఈ మంచుకి అవీ పోతాయి" అన్నారు ఆంటీ, చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ.

గరుకు కాగితంతో పీచులు తీసి, పల్చగా ఒకే పూత పట్టించాం. పలకల కొసలకి మాత్రం రెండుసార్లు, తడి ఎక్కువగా లోపలికి పీల్చుకునేది అక్కడినుంచే. ఇంకని నూనెని పావుగంటలో తుడిచేశాం. తుడిచిన గుడ్డల్ని కుప్పగా వేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, అందుకని విడివిడిగా రాళ్ళ మీద పరిచి ఆరబెట్టాం. గోడ పక్కన రెండో పలక కూడా విప్పాం, ఆ రెంటినీ తిరిగి వెయ్యలేదు. ఇంకా తడిగా ఉన్నాయి కాబట్టి నూనె పట్టించకుండా టామ్ కొట్టంలో ఆరడానికి నిలబెట్టాం. ఆంటీ తలుపు నుంచి వెనక్కి జరుగుతూ మెట్ల దాకా తానే పూశారు, చివరి మెట్టు దిగి బ్రష్ నా చేతికిచ్చారు.

జనవరిలో నేపర్‌విల్ నుంచి ఆంటీ ఒక ఫోటో పంపారు. టామ్ కింద నిలబడి పొడుగు పిడి పారతో డెక్ మీది మంచుని లాగేశాడు. పలకలు తేనెరంగులో పొడిగా ఉన్నాయి. మంచంతా ఆయన దారిలో పడి ఉంది. "అంకుల్ చూస్తే ఒప్పుకునేవాడు కాదు. నేను ఒప్పుకున్నాను" అని కింద రాశారు. ప్లాస్టిక్ మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు. తన మంచు ఇంకొకరి మీద పడకూడదని ఏళ్ళ తరబడి సొంత గోడ పక్కన పేర్చుకున్న మనిషి. ఆ మర్యాదని తప్పు పట్టడానికి నాకు మాట రాదు. దానివల్లే ఆ దూలం కుళ్ళిపోయిందన్నదీ కాదనలేను.

ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళకి ఒకే మాట: నూనె డబ్బా కొనకముందే, కడగకముందే, ఇంటి గోడకి ఆనుకున్న దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. ఎవరికైనా ఏ మాటైనా ఇచ్చేది ఆ తర్వాతే.