టైలరమ్మ గడప ముందు మొలిచింది

బెంగళూరులో పుట్టి పెరిగినదాన్ని. కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమంటే, మదనపల్లెలో మా పెద్దమ్మ ఇంటి మేడ గదిలో దిగాను. నా కిటికీకి ఎదురుగా టైలరమ్మ ఇల్లు. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉంటుంది. బ్లౌజులు కుడుతుంది, ఆదివారం చర్చికి వెళ్తుంది, ఎక్కువ మాట్లాడదు. ముందు గదిలో మిషన్, గడప దిగితే రెండు బండలు, వాటిని దాటితే మురిక్కాలవ. బండలకీ కాలవకీ మధ్య సందులో మొలిచింది ఆ మొక్క.

నేను దాన్ని గమనించింది ఆకుల వల్ల. మా వీధిలో పొద్దున్నుంచీ టమాటా లారీలు తిరుగుతాయి. దుమ్ము పడనిది ఏదీ ఉండదు, నా స్కూటీ సీటు మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ మొక్క ఆకులు మాత్రం ఎప్పుడు చూసినా ఎవరో అప్పుడే తుడిచి వెళ్ళినట్టు నల్లటి పచ్చగా మెరిసేవి. అంచులు అలల్లా మెలిదిరిగి, కొమ్మకు రెండు వరసల్లో కిందికి వాలి ఉండేవి. గోడకంటించిన పోస్టర్లు కూడా వదలని మేకలు దాని దాకా వచ్చి, మూతి చాపి, వెనక్కి తగ్గి పక్కనుంచి పోయేవి.

ఒకరోజు మున్సిపాలిటీ వాళ్ళొచ్చి కొత్త కాలవ కోసం వీధి పొడుగునా ఎర్ర రంగు గీత కొట్టి వెళ్ళారు. గీతలోపల ఉన్నవన్నీ తవ్వేస్తారు. మెట్లయినా సరే, చెట్లయినా సరే. ఆ సాయంత్రం టైలరమ్మ నన్ను చెయ్యూపి పిలిచింది. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

"పాపా, ఫోన్లో చెట్ల పేర్లు సెప్పేది ఉండాదంట గదా. ఇదేం చెట్టో సూసి సెప్పు. పనికొచ్చే చెట్టయితే ఆ గీత గీసినోళ్ళని బతిమాలుకోవచ్చు."

ఇంతేనా అనుకున్నాను. ఫోన్ తీసి ఫోటో కొట్టాను. యాప్ అశోక చెట్టంది. నిమిషం తర్వాత ఇంకో పక్కనుంచి తీస్తే పొగడ అంది. మర్నాడు పొద్దున మామిడంది. ఆకును అరచేతిలో పెట్టి, వెనక తెల్ల కాగితం అడ్డుపెట్టి తీశాను. తెర మీద ఆకు ఈనెలతో సహా కనిపిస్తోంది. కింద మాత్రం 'ఈ ఫోటోలో మొక్క లేదు, మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. నాకు కోపం నెత్తికెక్కుతుంది, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. యాప్ తీసేశాను, మళ్ళీ వేశాను, మళ్ళీ అదే మాట. ఫోన్‌ని మంచం మీదకి విసిరేస్తే మా పెద్దమ్మ కూరగాయలు తరుగుతూనే, దాని పేరు తెలిస్తే నీకేమొస్తుందే అంది.

పాత ఫోటోలు వెతికాను, ఎంత తొందరగా పెరుగుతోందో చూద్దామని. స్కూటీ కొన్నరోజు సరిగ్గా ఆ బండల ముందే నిలబెట్టి తీసుకున్న ఫోటో ఉంది. నేను మొక్కను మొదటిసారి చూడ్డానికి సరిగ్గా వారం ముందుది. అందులో బండలున్నాయి, కాలవ ఉంది, సందులో మట్టి ఉంది. మొక్క లేదు. చక్రం వెనక ఉందేమో అనుకున్నాను. కిందికి వెళ్ళి స్కూటీని మొక్క పక్కన పెట్టి చూశాను. మొక్క సీటు ఎత్తుకు దగ్గర దగ్గరగా ఉంది.

ఆ వారంలో పుంగనూరులో చుట్టాల గృహప్రవేశం ఉంటే పెద్దమ్మతో వెళ్ళాను. రెండాకులు పర్సులో పెట్టుకున్నాను. పక్క బజారులో మూలికలమ్మే ముసలాయన అంగడి ఉందని ఎవరో చెప్పారు. ఆయన ఆకును చూడలేదు. నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆవాల ఘాటు.

"ఇది యాడ కోసినావమ్మా?"

"మదనపల్లెలో, మా వీధిలో."

వీధిలో ఇది మొలవదన్నాడు. కొండల్లో, వాగులూ వంకల పక్కన ఉండే చెట్టట. అల్మారాలోంచి ఒక రేకు డబ్బా దించి అరచేతిలో ఒంపుకున్నాడు. బూడిద రంగు గింజలు, ముడతలు పడి, శనగగింజ కంటే కొంచెం పెద్దవి. ప్రతిదానికీ దారం ఎక్కించడానికి బెజ్జం వేసి ఉంది. పుత్రజీవి అని చెప్పాడు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాడి మెళ్ళో ఈ గింజల దండ వేస్తారు, నిలబడతాడని. నేను గింజల్ని ఫోటో తీసుకున్నాను. వీటిని మట్టిలో వేస్తే మొలుస్తాయా అని అడిగాను.

"బెజ్జమేసినాక యాడ మొలుస్తాదమ్మా? పానం పోయినట్టే గదా." డబ్బా మూత పెట్టబోతూ ఆగాడు. "ఆ ఇంట్లో బిడ్డలుండారా?"

లేరు, ఒక్కావిడే ఉంటుందని చెప్పాను. ఆయన మూత బిగించాడు. నేనిచ్చిన రెండాకుల్నీ కాగితంలో చుట్టి, డబ్బాలో వేసుకోకుండా నాకే తిరిగిచ్చేశాడు.

మదనపల్లెకు రాగానే టైలరమ్మ దగ్గరికెళ్ళాను. పేరు కనుక్కొచ్చిన గొప్ప నాది. మిషన్ తొక్కుతోంది. ఫోన్ ఆమె ముందు పెట్టి, ఇవీ దీని గింజలు అన్నాను. మిషన్ ఆగిపోయింది. ఆమె ఫోటోను వేళ్ళతో పెద్దది చేయబోయింది, చేతకాలేదు, నేను చేసిచ్చాను. చాలాసేపు చూసింది. చెట్టును ఎప్పుడూ చూడలేదంట. ఈ గింజల్ని మాత్రం చూసింది.

ముగ్గురు బిడ్డలు పుట్టి పోయాక నాలుగోవాడికి టైలరమ్మ అత్త ఈ దండ తెచ్చి వేసింది. అత్త పాత పద్ధతుల మనిషి. వీళ్ళు మొగుడూ పెళ్ళాం చర్చికి వెళ్ళేవాళ్ళు. బాప్తిస్మం రోజున పెద్దల ముందు బిడ్డ మెళ్ళో ఆ దండ ఉంటే ఏమనుకుంటారోనని ఈమెకే సిగ్గేసింది. ఎవరూ తీయమనలేదు.

"నేనే కత్తిరించినాను పాపా. ఇదే కత్తెరతో."

పారెయ్యడానికి చేతులు రాలేదు. గడప ముందు బండ పక్కన మట్టి తీసి పూడ్చిపెట్టింది. ఆ వానాకాలం బిడ్డకు జ్వరం వచ్చింది. పదకొండు నెలలు.

తర్వాత ఆమె బీరువా పైనుంచి ఒక పాత కొలతల నోట్‌బుక్ దించింది. అన్ని పేజీల్లోనూ ఆడవాళ్ళ పేర్లు, చేతి పొడవు, భుజం, నడుము. ఒక పేజీకి మాత్రం పేరు లేదు. బిడ్డకు చొక్కాలు కుట్టడానికి నెలనెలా తీసిన కొలతలు, నీలం ఇంకు, వెలిసిపోయింది. ఒకదాని కింద ఒకటి పొడవు పెరుగుతూ పోయి ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయింది. దాని కిందే, గీత కూడా కొట్టకుండా, కొత్త బాల్‌పెన్‌తో ఇరవై ఎనిమిదిన్నర అని ఉంది. దాని కింద ఇరవై తొమ్మిది. దాని కింద ముప్ఫై.

ఆ చివరి మూడు అంకెల మీద వేలు పెట్టాను. ఇదేంటి ఆంటీ అన్నాను. మొదటి రోజు తలుపు తెరిచేసరికి మొక్క అంత ఎత్తున ఉందని, చేతిలో టేపుంది కాబట్టి కొలిచానని, పాత కొలతలు తర్వాత తీసి చూసుకున్నానని చెప్పింది. మామూలుగా చెప్పింది, బ్లౌజు ఎప్పుడిస్తావంటే చెప్పినట్టు. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"వాళ్ళు తీసేయకుండా సెయ్యి పాపా. ఇంకోసారి నా వల్ల కాదు."

పెద్దమ్మతో చెప్తే, గమ్మునుండు, ఊరికి సెప్పబాక అంది. నేను వింటేనా. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి రాశాను: ఇది పుత్రజీవి, పిల్లల్ని బతికించే చెట్టని పేరు, టైలరమ్మ ఇంటి ముందు ఉంది, దీన్ని తీసేయకుండా అందరూ నిలబడాలి. టైలరమ్మ కథ రాయలేదు. ఆ మాత్రం బుద్ధి ఉంది. గంటలో ముప్ఫై దండాలు వచ్చాయి. నేను గెలిచాననుకున్నాను.

ఆ రాత్రికే అది బి.కొత్తకోట గ్రూపులకీ, పెద్దతిప్పసముద్రం గ్రూపులకీ పోయింది. ఎవరు కత్తిరించారో, చివరి ముక్క తీసేశారు. పిల్లల్ని బతికించే చెట్టు, ఫలానా వీధి, ఫలానా ఇంటి ముందు. అంతే మిగిలింది.

మర్నాడు పొద్దున్నుంచే ఆడవాళ్ళు రావడం మొదలైంది. గోల లేదు. వీధి చివర చెప్పులు విడిచి, కాలవ దాటి, మొక్కకు పసుపు పెట్టి, దండం పెట్టుకుని, ఒక్కాకు తుంచుకుని కొంగున కట్టుకుని పోయేవాళ్ళు. ఎవ్వరూ రెండు తీసుకోలేదు. నేను కిందికి దిగి అరిచాను. ఒకామె చెయ్యి పట్టి లాగేశాను, నా ఫోన్ కిందపడి అద్దం పగిలింది. ఆమెకు కోపం రాలేదు. "ఒక్కాకే గదమ్మా," అంది, ఆకున్న గుప్పిలిని గుండెకు ఆనించుకుని. "నీకు పిల్లకాయలుండారా?"

పగిలిన ఫోన్ తీసుకుని మేడెక్కాను. పోస్టు తీసేశాను. తీసేస్తే ఏమవుతుంది, అది అప్పటికే నాది కాదు. నాలుగు రోజుల్లో మొక్క పసుపు పూసిన పుల్లయింది. కొసన రెండాకులు మిగిలాయి. గాలి లేకపోయినా ఆ రెండూ కదిలేవి. నా కిటికీ తెరలు నిశ్చలంగా ఉన్నప్పుడు చూశాను కాబట్టి చెప్తున్నాను.

టైలరమ్మ ఒక్కరినీ ఆపలేదు. గడప లోపల పీట మీద కూర్చుని చూసేది. నువ్వెందుకు అరవవు ఆంటీ అని నేను ఆమె మీదే మండిపడ్డాను.

ఐదో రోజు మధ్యాహ్నం కుప్పం నుంచి ఒక అమ్మాయి వచ్చింది, వాళ్ళమ్మతో. పెద్ద పొట్ట. బస్సులు మారి మారి వచ్చారు, మొహాలు ఎండిపోయి ఉన్నాయి. నాకంటే చిన్నదేమో. ఇద్దరు పోయారట, ఇది మూడోది. వాళ్ళమ్మ చెప్తోంది, ఆ అమ్మాయి మొక్కనే చూస్తోంది. నేను అడ్డంగా నిలబడ్డాను. అయిపోయాయి, ఇక లేవు అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. ఆయాసంగా బండ మీద కూర్చుంది.

టైలరమ్మ లేచి వచ్చింది. చేతిలో కత్తెర.

"ఆంటీ, కొస తుంచితే ఇక పెరగదు," అన్నాను.

"పెరిగింది సాల్లే పాపా."

కొసను కత్తిరించింది. రెండాకులూ ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టింది. ఏం పేరు తలుచుకుని మొక్కుకోవాలక్కా అని ఆ అమ్మాయి అడిగింది. టైలరమ్మ వంగి ఆమె చెవిలో ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. ఆ అమ్మాయి పెదవులు ఆ పేరును రెండుసార్లు పలికాయి.

సోమవారం కాలవ పనివాళ్ళొచ్చారు. మా వీధి గ్రూపులో దండాలు పెట్టినవాళ్ళలో ఒక్కరూ బయటికి రాలేదు. పసుపు పుల్లను చూసి గడ్డపార మనిషి ఒక్క చేత్తో లాగాడు. రాలేదు. చుట్టూ తవ్వి రెండు చేతులతో లాగాడు. పుల్ల కంటే వేరు లావుగా ఉంది. అది కిందికి పోలేదు. పక్కకు తిరిగి, బండల కిందుగా, గడప కిందుగా, తాడు కట్టి లాగినట్టు ఇంట్లోకి పోయింది.

"ఏమ్మా, ఇది లోపలికి పోయుండాది. గడపబండ లేపాల్నా?"

టైలరమ్మ గడప మీద నిలబడి ఉంది, చెప్పుల్లేకుండా.

"వద్దప్పా. ఆడికి తెంపు. లోపలిది లోపలే ఉండనీ."

అతను గడప అంచున పారతో రెండు వేట్లు వేశాడు. సాయంత్రానికి అక్కడ సిమెంటు పోశారు. నేను మేడ మీది నుంచి చూస్తున్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

కాలవ పని అయిపోయి రెండు నెలలు దాటింది. టైలరమ్మ ఇప్పుడు ఎవరినీ లోపలికి రానివ్వదు. కొలతలిచ్చే వాళ్ళను బయట కొత్త సిమెంటు మీదే నిలబెడుతుంది. మిషన్‌ని కూడా వాకిలికి ఆనించి పెట్టుకుంది, వీపు గది వైపు పెట్టి కుడుతుంది. నా వల్ల జరిగినదానికి క్షమాపణ చెప్పుకుందామని మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ తలుపు ఓరగా పట్టుకుని, పొయ్యేదేం పోలేదులే పాపా అని నవ్వి పంపేసింది. మూడుసార్లూ ఆమె భుజం పక్కనుంచి లోపలికి చూశాను. మండుటెండలు, మిట్టమధ్యాహ్నం. గడప దగ్గర్నుంచి వేరు పోయిన వైపుగా గది నేల తడిగా ఉంది.