పోలయ్య మా చేలో మంద కట్టని ఏడాది

కంది కొట్టిన రోజు అది. బస్తా భుజానికెత్తుకుని ట్రాక్టరు వైపు నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. బస్తా కింద పడేసి దాని మీదే కూలబడ్డాను. నలభై మూడేళ్లకే ఇదేం ముసలితనం అని నా మీద నాకే కోపం వచ్చింది. మా ఆవిడ సరోజ "డాక్టరుకు చూపించుకుందాం పా" అంటే కసురుకున్నాను కూడా. తర్వాత పది రోజులకు వెల్లకిలా పడుకుంటే దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. అప్పుడు గానీ కొనకనమిట్ల దాటి మార్కాపురం పోలేదు.

అక్కడ ఈసీజీ తీశారు, ఎకో చేశారు. డాక్టరు గారు కాగితం చూస్తూ, "చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. నాయన నన్ను వీపున మోసుకుని తిరిగిన సంగతి గుర్తుంది. "అప్పటి దెబ్బే ఇది. మీ గుండెలో మైట్రల్ వాల్వ్ బాగా ఇరుకైపోయింది. మార్చాలి. ఆలస్యం చెయ్యకుండా గుంటూరు వెళ్లండి" అన్నారు.

ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద అయిపోతుందన్నారు. కానీ దానికి ముందు టెస్టులు, గది అద్దె, ఇద్దరి తిండి, రాను పోను ఖర్చులు ఏ కార్డు మీద అవుతాయి? కందులు అమ్మిన డబ్బు ఎరువుల దుకాణం బాకీకే సరిపోయింది. అప్పుడు వచ్చాడు పోలయ్య.

పోలయ్యది గొర్రెల మంద. నా ఈడువాడు. మాకు చుట్టరికం లేదు, అయినా ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అంటే బావా. ఏటా ఎండాకాలం, దుక్కులకు ముందు, అతని మంద మా చేలో వారం రోజులు పడుకుంటుంది. ఆ ఎరువుతోనే మా కంది పండుతుంది. మంద కట్టినన్నాళ్లూ కాపరికి చేను గలవాళ్లే అన్నం పెట్టాలి, రోజుకింత అని కూలీ ఇవ్వాలి. సరోజ చేసే జొన్న సంగటి, శెనక్కాయల పచ్చడి అంటే పోలయ్యకు ప్రాణం. "చెల్లెమ్మా, ఇంగో ముద్ద ఎయ్యి" అని అడిగి మరీ తింటాడు.

గుంటూరు పోయే ముందురోజు తువ్వాలులో మూటగట్టి డబ్బు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నేను అడగలేదు. "ఇంత ఎక్కడిది?" అంటే, "నీకెందుకు బావా? ముందు బతుకు" అన్నాడు. నోటు రాసిస్తానన్నాను. "రాసి ఎవురికి చూపించాల? నా జీవాలకా?" అని నవ్వి వెళ్లిపోయాడు. నెల నిండితే ఈనే గొర్రెలను, పద్నాలుగింటిని, అమ్మాడని తర్వాత తెలిసింది. కాపరి ఇల్లయినా తాకట్టు పెడతాడు గానీ చూడి గొర్రెలను అమ్మడు. వాడు అమ్మాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. "మెటల్ వాల్వ్ పెట్టాం. ఇక బతికినన్నాళ్లూ రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్ఆర్ టెస్టు నెలనెలా చేయించుకోవాలి. ఒక్క రోజు మానినా ప్రమాదమే" అని సర్జన్ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. సరోజ తల ఊపింది. నేనూ ఊపాను.

ఇంటికొచ్చాక ఎండాకాలం వచ్చింది. పోలయ్య మంద పక్క చేలో దిగింది. ఆ తర్వాత అవతలి చేలో. మా చేలోకి రాలేదు. మా ఇంటి ముందు నుంచి పోవాల్సినవాడు చుట్టూ తిరిగి చెరువుగట్టు మీదుగా పోయేవాడు. డబ్బు అడగలేక మొహం చాటేస్తున్నాడనుకున్నాను. నా రోషం నాకుంది కదా! బాకీ తీర్చేదాకా వాడి కంట పడకూడదని నేనూ టీ అంగడికి పోవడం మానేశాను. సరోజ "ఒకసారి పోయి పలకరించరాదా?" అంటే, "ఏ మొహం పెట్టుకుని పోవాల?" అని ఆమె మీద అరిచాను.

అక్కడ చేశాను తప్పు. రూపాయి రూపాయి కూడబెట్టాలని మూడు నెలలు టెస్టుకు పోలేదు. మాత్రలు ఎక్కువ రోజులు రావాలని రోజు విడిచి రోజు వేసుకున్నాను. సరోజకు చెప్పలేదు.

ఒక పొద్దున టీ తాగుతుంటే గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. సరోజను పిలుద్దామంటే నాలుక తిరగలేదు. గ్లాసు చప్పుడుకు వచ్చి నన్ను చూసిన సరోజ కేక విని, పక్క చేలో గొర్రెలు మేపుతున్న పోలయ్య పరుగెత్తుకొచ్చాడు. మందను తమ్ముడికి అప్పజెప్పి, నన్ను రెండు చేతుల మీద ఎత్తి ఆటోలో వేశాడు. మార్కాపురంలో సీటీ స్కాన్ తీసి, అంబులెన్సులో గుంటూరు పంపారు.

"చిన్న రక్తపు గడ్డ మెదడుకు పోయింది. వెంటనే తెచ్చారు కాబట్టి సరిపోయింది. టెస్టు ఎందుకు మానేశారు?" అని డాక్టరు గారు గట్టిగానే అడిగారు. మూడో రోజుకు మాట కాస్త తిరిగింది. పోలయ్య ముందే, నత్తినత్తిగా, అప్పు తీర్చడానికి అని చెప్పాను.

డాక్టరు గారు అటు పోగానే పోలయ్య మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. "నీ ప్రాణం తీసేదానికా నేను డబ్బులిచ్చింది? ఎవుడడిగినాడు నిన్ను?"

"నువ్వు మా చేలో మంద కట్టలేదు. డబ్బు అడగలేక మొహం చాటేస్తున్నావనుకున్నా."

వాడు మంచం పట్టె వదిలేశాడు. తర్వాత అన్నాడు. "మంద కడితే నీ ఇంట్లో కూసోని తినాల. రోజూ కూలీ తీసుకోవాల. వద్దంటే నీకు చిన్నతనం. అప్పిచ్చినోడు ఎదురుగా కూసుంటే నీకు ముద్ద దిగుతాదా బావా? అందుకని నేనే తప్పుకోని పోయినాను."

నాకు ఏడుపు ఆగలేదు. నేను ఇన్నాళ్లూ నా రోషం గురించే ఆలోచించాను. వాడు నా ముద్ద గురించి ఆలోచించాడు. అంత పెద్ద మనసున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి వచ్చింది. బరువులు ఎత్తను. మాత్ర ఒక్క పూట కూడా మానను. ఐఎన్ఆర్ టెస్టుకు నెలనెలా పోలయ్యే తన బండి మీద మార్కాపురం తీసుకెళ్తాడు. బాకీ సగం తీరింది, మిగతా సగం పంటల మీద తీర్చేటట్టు మాట్లాడుకున్నాం.

నాలాంటి వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. వైద్యానికి స్నేహితుడి దగ్గర డబ్బు తీసుకున్న రోజే ఇద్దరూ కూర్చుని నోరు తెరిచి మాట్లాడుకోండి. ఎప్పుడు ఇస్తారో చెప్పండి, మందులకు పోగా మిగిలిందే ఇస్తానని చెప్పండి, అప్పటిదాకా మా ఇంటికి రావడం మానొద్దని కూడా చెప్పండి.

మొన్న ఎండాకాలం పోలయ్య మంద మా చేలో దిగింది. మొదటి సాయంత్రం సంగటి తిని, ఇంకో ముద్ద వేయించుకుని, చెయ్యి కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు. చుట్టూ సద్దుమణిగితే నా వాల్వ్ టిక్కుటిక్కుమనడం పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. వాడు వంగి నా రొమ్ముకు చెవి ఆనించి విన్నాడు.

"గొర్రెల్ని అమ్మేసినానని ఊరికే బాధపడినాను బావా" అన్నాడు. "పద్నాలుగూ ఈడనే నడస్తా ఉండాయి."