కుళ్ళిన రాయి

సాలమ్మకు పదకొండేళ్ళప్పుడు ముదిగుబ్బ దగ్గరి మిషన్ దవాఖానాకు ఒక బాలింతను మంచం మీద మోసుకొచ్చారు. నర్సు ఎల్సమ్మ ఆమె కనురెప్ప ఎత్తి చూసింది. చేతులు కడుక్కుంటూ తనలో తాను జర్మన్‌లో ఏదో గొణుక్కుంది. గుమ్మం పక్కన కూర్చున్న సాలమ్మ ఆ మాట విని తల్లితో పైకే అనేసింది.

"అమ్మా, ఆయమ్మ పొద్దు గూకేదాకా ఉండదంట."

బాలింత వాళ్ళమ్మ పక్కనే ఉంది. పిల్ల వైపు చూసిన ఆ చూపు సాలమ్మ జన్మలో మరిచిపోలేదు. పొద్దు వాలకముందే బాలింత పోయింది. ఆ రోజు నుంచి ఎర్రబండపల్లె ఆడవాళ్ళు సాలమ్మ ఎదురైతే పక్కకు జరిగేవాళ్ళు. "ఆ పిల్ల నోట్లో శని ఉండాది" అనేవాళ్ళు.

ఎల్సమ్మ జర్మనీ మనిషి. యుద్ధం జరిగినన్నాళ్ళూ దొరతనం ఆమెను శత్రుదేశపు మనిషని క్యాంపులో పెట్టి, తర్వాత వదిలేసింది. రోగులతో వచ్చీరాని తెలుగులో మాట్లాడేది. కోపం, ప్రార్థన, పాట అన్నీ సొంత భాషలోనే. సాలమ్మ తల్లి నల్లమ్మ ఆ దవాఖానాలో కట్లబట్టలు ఉతికేది. తల్లి కొంగు పట్టుకొని తిరిగిన పిల్లకు ఆ భాష ఎవరూ నేర్పకుండానే అబ్బింది. ఆ సంగతి తెలిసి ఎల్సమ్మ ముందు భయపడింది, తర్వాత పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించింది. హాస్టల్లో చేర్చింది. అనంతపురం కాలేజీ దాకా చదివించింది.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో సాలమ్మ పూనా పోయి జర్మన్‌లో ఎం.ఏ. చదువుతానని ఇంట్లో చెప్పింది. నాయన యేసన్నకు అర్థం కాలేదు.

"జర్మనీ సత్తు గిన్నెలు తెల్సు గానీ, జర్మనీ చదువు గూడా ఉండాదా పాపా? అది చదివి యాడ బతుకుతావు?"

యేసన్న బావులు తవ్వేవాడు. బండకు బెజ్జం కొట్టి, మందు కూరి, పేల్చి, రాళ్ళు పైకి మోసే పని. ఆ పనిలోనే ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. కూతురికి మాత్రం అడ్డు చెప్పలేదు. గుంతకల్లు దాకా వెంట వచ్చి బొంబాయి బండి ఎక్కించాడు.

పూనాలో జర్మన్ క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే. దేవధర్ అనే సన్నటి ముసలాయన చెప్పేవాడు. మొదటి ఏడు వ్యాకరణం, కథలు, పద్యాలు. సాలమ్మ నోటికి వచ్చిన భాష రోగాలదీ, ప్రార్థనలదీ. నవ్వే జర్మన్, ప్రేమించే జర్మన్ ఆమె అక్కడే మొదటిసారి విన్నది. రెండో ఏడు దాని చుట్టాల సంగతి వచ్చింది. డచ్చి, స్వీడిష్, ఎప్పుడో చచ్చిపోయిన గోతిక్. ఒకనాడు దేవధర్ నీళ్ళకు ఆ భాషలన్నిటిలో ఉన్న మాటలు బోర్డు మీద రాశాడు. అన్నీ ఒకే మొహం పెట్టుకొని ఉన్నాయి. సాలమ్మ లేచి, మాకు నీరు, కన్నడం వాళ్ళకూ నీరే, అరవం వాళ్ళకూ నీరే అని చెప్పింది. ముసలాయన సంబరపడిపోయాడు.

"మాటలు అన్నదమ్ముల లాంటివి" అన్నాడాయన. "ఒక ఇంట్లో పుడతాయి. ఒకడు ఊళ్ళో ఉండి మారిపోతాడు. ఒకడు గనిలోకి పోయి మారకుండా ఉంటాడు. ఫౌల్ అనే మాట చూడండి. ఇంగ్లీషులో అది మురికి. ఇప్పటి జర్మన్ ఇళ్ళల్లో మనిషిని అంటే సోమరి. కానీ గనిపనివాళ్ళ నోట్లో అది ఇంకా పాత అర్థంలోనే ఉంది. కుళ్ళినది."

మరోనాడు ఆయన ఉత్తర ఐరోపా పాత నమ్మకాల గురించి చెప్పాడు. మనుషుల రాత రాసే ముగ్గురు ఆడవాళ్ళు ఒక బావి గట్టున కూర్చుని ఉంటారట. తోటివాళ్ళు నోట్సు రాసుకుంటుంటే సాలమ్మ కలం ఆగిపోయింది. ఆ క్షణంలో నాయన ఏ బావి అడుగున ఉన్నాడో అనుకుంది.

ఫస్ట్‌క్లాసులో పాసై ఇంటికొచ్చేసరికి ఎల్సమ్మ చనిపోయి ఆరు నెలలయింది. జిల్లాలో సాలమ్మతో జర్మన్ మాట్లాడే మనిషి ఒక్కరూ మిగల్లేదు. కదిరిలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. ఊళ్ళో జర్మనమ్మ అని వెక్కిరించేవాళ్ళు.

అరవై ఐదులో వాన మొహం చాటేసింది. పైరు మొలకలోనే మాడింది. ఆ మరుసటి ఎండాకాలానికి గొర్రెలు దొడ్లలోనే పడి చచ్చిపోసాగాయి. ఎద్దుల్ని లారీలకెక్కించి అమ్మేశారు. గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు మాట్లాడుకోవడం కూడా మానేశారు. అప్పుడే జర్మనీ నుంచి ఒక బోరు యంత్రమూ, దాంతోపాటు క్రూగర్ అనే ఇంజనీరూ జిల్లాకొచ్చారు. క్రూగర్‌కు ఇంగ్లీషు అంతంత మాత్రం. జర్మన్ వచ్చిన మనిషి కోసం వెతికి అధికారులు సాలమ్మను బడినుంచి పిలిపించారు.

జీపులో ఊరూరూ తిరిగింది. యంత్రం దించిన ప్రతిచోటా జనం మూగేవారు. గొట్టంలోంచి తెల్లటి దుమ్ము లేచేది, దుమ్ము తప్ప ఏమీ వచ్చేది కాదు. క్రూగర్ తల అడ్డంగా ఊపి ఏదో అనేవాడు. జనం సాలమ్మ నోటి వంక చూసేవారు. "నీళ్ళు లేవు" అని ఆమే చెప్పాలి. నాలుగైదు ఊళ్ళు తిరిగేసరికి, జీపు దిగుతున్న ఆమెను చూసి ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలైంది.

మే నెలలో యంత్రం ఎర్రబండపల్లెకే వచ్చింది. రెండు చోట్ల వేశారు. రెండూ ఎండు బోర్లే. ఊరికి పెద్ద భూస్వామి బయ్యన్న. పార్టీ మనిషి, మాట చెల్లేవాడు. తన పెద్ద బావిని ఇంకా లోతు చేయిస్తున్నాడు. యేసన్న, ఇంకొందరు అందులోనే పనిచేస్తున్నారు. దొరకు చూపిద్దామని బయ్యన్న క్రూగర్‌ను బావి దగ్గరికి తీసుకెళ్ళాడు.

క్రూగర్ మెట్లు దిగి, సగంలో ఆగి, గోడను చేత్తో తడిమాడు. బండల మధ్య పచ్చటి చార ఒకటి వంకరగా కిందికి పోతోంది. అందులోంచి ఒక పెళ్ళ ఊడదీసి వేళ్ళ మధ్య నలిపాడు. రాయి అటుకుల్లా పొడైపోయింది. పైకి చూసి ఒక్క మాట అరిచాడు.

"ఫౌల్!"

పైన ఓవర్సీరు వెంకటరాముడు నిలబడి ఉన్నాడు. ఎక్కడో ఉక్కు ఫ్యాక్టరీలో జర్మన్ల దగ్గర పనిచేసి నాలుగు ముక్కలు పట్టుకున్నవాడు. సాలమ్మ నోరు తెరిచేలోగా నవ్వుతూ అందుకున్నాడు.

"రాయి సోమరిదంటాండాడన్నా దొర!"

అందరూ నవ్వారు. బయ్యన్న కూడా నవ్వాడు. "సోమరిదైతే ఇంకో రెండు తూటాలు పెడ్తే లేచి కూచ్చుంటాది."

"అది కాదయ్యా" అంది సాలమ్మ. క్రూగర్ కిందినుంచి చార చూపిస్తూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. "రాయి కుళ్ళిపోయిందంటాండాడు. ఆ చార వెంబడి గోడ జారతాదంట. పేల్చినప్పుడల్లా ఇంకింత వదులైతాదంట. కింద మనుషులు ఉండకూడదంట."

నవ్వులు ఆగిపోయాయి. బయ్యన్న ఆమెను నింపాదిగా చూశాడు.

"రాయి కుళ్ళేదేందిమ్మే? మీ నాయన కూలి పెంచమని మొన్ననే అడిగినాడు. ఈ పొద్దు నువ్వొచ్చి రాయి కుళ్ళిందంటాండావు. ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

వెంకటరాముడి మొహం ఎర్రబడింది. "నాకు రాదా అన్నా జర్మన్? సోమరి అనే అన్నాడు."

క్రూగర్ పైకొచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పాడు, చేతులతో కూడా చూపించాడు. "ఈయప్ప బోర్లేసే మనిషి. బావి సంగతి ఈయనకేం తెల్సు" అని బయ్యన్న వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున్నే యంత్రం వేరే ఊరికి కదలాలని ఉత్తర్వు.

ఇంటికెళ్ళి సాలమ్మ నాయనకు చెప్పింది. యేసన్న గంజి తాగుతూ విన్నాడు.

"పని మానుకుంటే ఏం తినాల? నీ జీతం నువ్వు పంపిస్తావు, నాకు తెల్సు. నాతో దిగేవాళ్ళకెవరు పంపుతారు?"

పొద్దున జీపు హారన్ మోగుతుంటే సాలమ్మ బావి దగ్గరికి నడిచింది. కూలీలు ఇంకా రాలేదు. మెట్లన్నీ దిగి, అడుగున రాళ్ళ మీద కూర్చుంది. జీపు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

కూలీలు వచ్చి గట్టు మీద నిలబడిపోయారు. బయ్యన్న పైనుంచి అరిచాడు, బతిమాలాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఆమె లేవలేదు. అడుగున గాలి ఆడడం లేదు. గోడలోంచి ఎక్కడినుంచో సన్నగా ఇసుక రాలుతున్న చప్పుడు. ఆగుతుంది. మళ్ళీ రాలుతుంది. పైన ఎండలో ఉన్నవాళ్ళకు అది వినపడదు.

చివరికి యేసన్న దిగొచ్చాడు. సిగ్గుతో, కోపంతో చెయ్యి పట్టి లాగాడు.

"నలుగుర్లో నా తల తీసేస్తాండావు. లెయ్."

"మాట్లాడొద్దు నాయనా. రవ్వంతసేపు ఊరికే విను."

ఆయన విన్నాడు. పచ్చటి చార దగ్గరికి పోయి బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. ఎన్ని బావులు తవ్వినా ఇట్లాంటిది చూడలేదో, చూసి చూడనట్టు పోయాడో, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కూతుర్ని ముందు పెట్టుకొని మెట్లెక్కి, తోటివాళ్ళతో ఒకే మాట అన్నాడు.

"ఎవురూ దిగొద్దు."

ఎవరూ దిగలేదు. బయ్యన్న ఏమీ అనకుండా ఇంటివైపు నడిచాడు. అతను అరవకపోవడమే సాలమ్మను భయపెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆమె బస్సెక్కి క్రూగర్ బృందం ఉన్న ఊరికి బయల్దేరింది. ముదిగుబ్బ దాటాక బయ్యన్న లారీ ఎదురొచ్చింది. వెనక కొత్త మనుషులు, గడ్డపారలు, సమ్మెటలు. రోడ్డు ఇరుకు కావడంతో రెండు బండ్లూ ఆగి ఆగి తప్పుకున్నాయి. లారీలో ఒక పడుచువాడు తలగుడ్డ సర్దుకుంటూ కిటికీలోని ఆమెను చూసి నవ్వాడు. సాలమ్మకు ఏదో తట్టింది. లేచి నిలబడింది కూడా. కండక్టరు "యాడ దిగాలమ్మా?" అన్నాడు. జవాబు చెప్పేలోగా బస్సు కదిలింది. ఆమె కూర్చుంది.

వాళ్ళు తాడిపత్రి దిక్కునుంచి వచ్చిన రాతిపనివాళ్ళు. వాళ్ళ ఊళ్ళ రాయి పలకలు పలకలుగా లేస్తుంది, నమ్మదగ్గ రాయి. బావిలో రెండు రోజులు పేల్చారు. మూడోనాడు పేలుడు అయిపోయి, పొగ చెదిరి, అందరూ దిగి రాళ్ళు ఎత్తుతుండగా పడమటి గోడ మొత్తం ఏ చప్పుడూ లేకుండా జారిందని చూసినవాళ్ళు చెప్పారు. చప్పుడు తర్వాత వచ్చిందట. అడుగున ముగ్గురు ఉండిపోయారు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. సాలమ్మ క్రూగర్ అన్నది అన్నట్టు చెప్పింది. దొర సోమరి రాయి అనే అన్నాడని వెంకటరాముడు చెప్పాడు. అప్పటికి క్రూగర్ కాలపరిమితి అయిపోయి ఓడెక్కాడు. అధికారి మద్రాసు నుంచి ఒక నిఘంటువు తెప్పించి, వేలితో వెతికి, మొదటి అర్థం చూశాడు. సోమరి.

"గనిపనివాళ్ళ మాట వేరండీ" అంది సాలమ్మ. "అది పాత అర్థం. నేను చదువుకున్నాను."

"ఇందులో మొదటిది ఇదే కదమ్మా" అని ఆయన పుస్తకం మూశాడు. అనుకోని ప్రమాదమని తేల్చారు.

చచ్చిపోయిన ముగ్గురిలో తలగుడ్డ సర్దుకున్న పడుచువాడు ఉన్నాడో లేడో సాలమ్మకు తెలియదు. తెలుసుకోకుండా ఉండలేకపోయింది. నాయనను వెంటబెట్టుకొని తాడిపత్రి అవతలి పల్లెకు పోయింది. చనిపోయినవాళ్ళలో పెద్దవాడి భార్య కదిరమ్మ వాకిట్లో చింతగింజలు కొడుతోంది. వచ్చినవాళ్ళెవరో విని, చేతిలోని రాయి పక్కన పెట్టింది.

"ఆ దొర చెప్పింది తెలుగులో చెప్పినావంట గదా నువ్వు. అందురూ విన్నారా?"

"విన్నారు."

"మీ నాయనోళ్ళు అందుకే దిగల్యా?"

"అవును."

"మా వాళ్ళకెవురూ చెప్పల్యా?"

యేసన్నే తల దించుకొని అన్నాడు.

"నేను ఇంట్లోనే ఉంటి తల్లీ. మీ వాళ్ళు లారీ దిగేది చూసినా. చెప్తే బయ్యన్న కొట్టిస్తాడనుకుంటి. చెప్పినా వాళ్ళు నమ్మరనుకుంటి."

కదిరమ్మ ఆయన చేతి వైపు, లేని వేళ్ళ వైపు చూసింది. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. వాళ్ళు వాకిట్లో ఎండ తిరిగేదాకా నిలబడి, పడుచువాడి సంగతి అడగకుండానే తిరిగొచ్చారు.

ఆ తర్వాత యేసన్న సమ్మెట పట్టలేదు. బోరు యంత్రంవాళ్ళు సాలమ్మను మళ్ళీ పిలవలేదు. కదిరి బడిలోనే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. కానీ చుట్టుపక్కల ఎక్కడ కొత్త బావి తవ్వుతున్నారని తెలిసినా సెలవు రోజున బస్సెక్కి పోయేది. పిలవకుండానే మెట్లు దిగి, గోడ తడిమి, చెవి ఆనించేది. కొందరు రైతులు తరిమేవాళ్ళు. అపశకునమని వేపమండలు అడ్డం కట్టినవాళ్ళూ ఉన్నారు. ఆమె గట్టు మీదనే ఒక పక్కన కూర్చుని, చివరి కూలివాడు పైకి వచ్చేదాకా లేచేది కాదు.

గోడ కూలిన మరుసటి ఏడు వానలు పడ్డాయి. బయ్యన్న బావిలో, కూలిన రాళ్ళ మీదుగా నీళ్ళు లేచాయి. మోటారు పెట్టి చేను తడిపాడు. ఆ ఏడు శెనక్కాయ ఎన్నడూ లేనంతగా పండింది.